సూదికి తగ్గని నడుము

హైదరాబాద్ నుంచి సాగర్ పోయే బస్సు మిమ్మల్ని పెద్దవూరలో దింపేసరికి ఎండ చురుక్కుమంటోంది. మీ ముందు దిగుతున్న అవ్వ కింది మెట్టు దగ్గర ఆగిపోయింది. ఒక చేత్తో కడ్డీ పట్టుకుంది, రెండో చెయ్యి నడుము మీద వేసింది. ఊపిరి బిగబట్టి కాలు కిందికి దించింది. "పైలం అవ్వా" అన్నాడు కండక్టరు. ఆమె చంకలో ప్లాస్టిక్ కవరు, అందులో ఎక్స్‌రేలు, మందుల చీటీలు, కొంగున ముడేసిన ఆధార్ కార్డు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితమైంది కాబట్టి దవాఖానకు పోవడానికి కొడుకు దగ్గర పైసలు అడిగే పని తప్పింది. అలా ఒంటరిగా వచ్చే అవ్వలు ఇప్పుడు చాలామంది.

మీరూ ఆమె వెనకే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి నడవండి. బీపీ, షుగరు గోళీల కోసం వచ్చిన పెద్దవాళ్ళతో బెంచీ నిండిపోయింది. పక్కన కూర్చుని చెవి ఒగ్గితే చాలు, ప్రతి నోటా ఒకటే మాట.

"నడుము లేస్తలేదక్కా."

"నాకు కాళ్ళు గుంజుతున్నయ్. నాలుగడుగులేస్తే తిమ్మిర్లు."

"బొక్కలు అరిగినయట. సూది ఏస్తే నాలుగొద్దులు మంచిగుంటది, మళ్ళ మామూలే."

"వయసొచ్చినంక గింతే" అని ఒకాయన తేల్చేశాడు. బెంచీ మొత్తం తలూపింది.

ఆ తలూపడం దగ్గరే నాకు కడుపు మండుతుంది. సాగర్ ఎడమ కాలువ కింద వరి నాట్లు, కాలువ ఎక్కని మెట్టల్లో పత్తి. రెండింటికీ నడుము వంచక తప్పదు. నలభై ఏళ్ళు అలా వంగిన మనిషికి నొప్పి రావడంలో వింత లేదు. కానీ ఈ బెంచీ మీద అందరూ ఒకే మాటతో చెబుతున్న నొప్పి ఒకటే జబ్బు కాదు. ఒకరికి పనికొచ్చే వైద్యం ఇంకొకరికి హాని చేస్తుంది. ఆ తేడా పట్టుకోవాలంటే ఎవరో ఒకరు వీళ్ళ వీపు మీద చెయ్యి వెయ్యాలి.

లోపలికి రండి. డాక్టరమ్మ బల్ల పక్కన నిలబడండి.

మొదట ఒక పెద్దాయన. నూరు గజాలు నడిస్తే పిక్కలు పట్టేస్తాయి, ఎక్కడో ఒకచోట కూలబడాల్సిందే. "సైకిల్ తొక్కితే?" అని అడిగిందామె. ఆయన మొహం వెలిగింది. "సైకిల్ మీద హాలియా దాకా పొమ్మన్నా పోత మేడం!" ఆ ఒక్క జవాబుతో సగం రోగం తెలిసిపోయింది. ముందుకు వంగితే వెన్నులో నరాల దారి కాస్త వెడల్పవుతుంది, నిటారుగా నిలబడితే ఇరుకవుతుంది. నడుము దగ్గర ఆ దారి వయసుతో ఇరుకైపోవడమే ఈయన జబ్బు. డచ్చి వైద్యుడు వెర్బీస్ట్ 1954లోనే దీన్ని వివరంగా రాశాడు. అయినా డాక్టరమ్మ ఊరుకోలేదు. వంగి, పాదం మీద రెండు వేళ్ళు పెట్టి నాడి చూసింది. ఈయన బీడీలు తాగే మనిషి. కాలికి రక్తం సరిగా అందకపోయినా పిక్కలు అలాగే పట్టేస్తాయి. అయితే ఆ నొప్పి నిలబడితే చాలు తగ్గుతుంది, కూర్చోనక్కర్లేదు. నాడి బాగానే కొడుతోంది. ఇది నరాల ఇరుకే.

తర్వాత మన అవ్వ. కవరులోని ఎక్స్‌రే బల్ల మీద పెట్టి, "అరిగినయట బిడ్డా, అంతా అరిగిపోయినయట" అంది. ఆ మాట ఆమెను నొప్పికన్నా ఎక్కువ బెదరగొట్టింది. నొప్పి అనేదే లేని వేలమంది స్కాన్లను కలిపి పరిశీలించి 2015లో ఒక లెక్క వేశారు. ఎనభై ఏళ్ళవాళ్ళలో 96 శాతం మందికి డిస్కులు అరిగే ఉన్నాయి. ఇరవై ఏళ్ళ కుర్రవాళ్ళలోనూ 37 శాతం మందికి ఆ గుర్తులు కనబడ్డాయి. తల నెరిసినట్టే ఇదీ. ఫిల్ములో అరుగుదల కనబడినంత మాత్రాన నొప్పికి అదే కారణమని చెప్పలేం.

డాక్టరమ్మ ఫిల్ము పక్కన పెట్టింది. "అవ్వా, ఎప్పుడు మొదలైంది?"

"బిందె ఎత్తిన్నాడు. కటుక్కుమంది."

ఇప్పుడు దగ్గరగా చూడండి. అవ్వను గోడకు ఆనించి నిలబెట్టింది. మడమలు, వీపు గోడకు తగిలాయి కానీ తల వెనక భాగం తగల్లేదు. గోడకూ తలకూ మధ్య చెయ్యి దూరేంత సందు. తర్వాత పక్కన చివరి పక్కటెముకకూ, తుంటి ఎముక అంచుకూ మధ్య వేళ్ళు పెట్టింది. రెండు వేళ్ళు పట్టాల్సిన చోట ఒక్క వేలు కూడా సరిగా పట్టలేదు. ఆ తర్వాత పిడికిలితో వెన్ను వెంట పైనుంచి మెల్లగా తడుతూ వచ్చింది. ఛాతీ పూసలు అయిపోయి నడుము పూసలు మొదలయ్యే చోట అవ్వ "అమ్మో" అని ముడుచుకుపోయింది.

పూస నలిగింది. ముట్లు ఆగాక ఎముక లోపల లోపల గుల్లబారుతుంది, బయటికి ఏ గుర్తూ ఉండదు. ఓ రోజు బిందె ఎత్తితేనో, దగ్గితేనో పూస కుంగుతుంది. మనిషి రెండంగుళాలు పొట్టయినా, చీర నేలకు జీరాడుతున్నా ఇంట్లో ఎవరూ పట్టించుకోరు, ముసలితనంలో వంగిపోయింది అనుకుంటారు. ఒక పూస నలిగిన మనిషికి ఇంకో పూస నలిగే అవకాశం చాలా ఎక్కువ కాబట్టి ఇక్కడ ఆగి ఆలోచించాలి. అవ్వకు మూడు నెలలు మంచం దిగొద్దని ఎవరో చెప్పారట. అది ఆమెకు జరిగిన రెండో నష్టం. కదలని ఎముక ఇంకా పలచబడుతుంది, కండ కరుగుతుంది. నొప్పి ఎక్కువున్న కొద్ది రోజులు విశ్రాంతి, కావాలంటే ఆ కొన్నాళ్ళు బెల్టు, ఆపైన లేచి నడవడం. ఎముకకు బలమిచ్చే మందులున్నాయి. వారానికొకసారి మింగే గోళీ ఉంది, ఏడాదికొకసారి నరంలోకి ఎక్కించే జొలెడ్రోనిక్ యాసిడ్ ఉంది. దానికి ముందు రక్తంలో కాల్షియం, విటమిన్ డి, కిడ్నీల పనితీరు చూసుకోవాలి. ఎముకకు బలమిచ్చే ఆ మందుల్లో ఒక్కటీ ఇంతవరకూ అవ్వ చీటీల్లో లేదు.

మరి ఏముంది చీటీల్లో? తిరగెయ్యండి. డైక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, మధ్యలో డెక్సామెథసోన్. ఊళ్ళో ఆర్‌ఎంపీ వేసే సూదుల్లో తరచూ కనబడేవి ఇవే. అర్ధరాత్రి తలుపు తడితే లేచి వచ్చేది ఆయనే, అందుకే ఆయన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. కానీ సూది సంగతి చెప్పి తీరాలి. డైక్లోఫెనాక్ ఏళ్ళ తరబడి వాడితే బీపీ, షుగరు ఉన్న ముసలి కిడ్నీలు దెబ్బతింటాయి, కడుపులో పుండు పడి రక్తం పోవచ్చు. డెక్సామెథసోన్ అంటే స్టెరాయిడ్, మాటిమాటికీ ఒంట్లోకి పోతే ఎముకను తినేస్తుంది. పూస నలిగి నొప్పి అని వచ్చిన మనిషికి పూసను ఇంకా గుల్ల చేసే మందు ఎక్కిస్తున్నాం. నాలుగొద్దుల సుఖానికి అవ్వ కట్టిన వెల అది.

మూడో ఆయన లోపలికి వచ్చిన తీరు చూడండి. "ఇటు కూర్చో తాతా" అంటే మెడ తిప్పలేదు, మనిషి మొత్తంగా తిరిగాడు. మర్రిగూడ వైపు పుట్టి పెరిగి, ముసలితనంలో బిడ్డ ఇంటికి వచ్చినవాడు. డాక్టరమ్మ నేల మీద రూపాయి బిళ్ళ వేసింది. "మోకాళ్ళు వంచకుండా తియ్యి." చెయ్యి మోకాలి దగ్గరే ఆగిపోయింది. "గదువ ఛాతీకి ఆనించు." ఆనలేదు. "చేతులు పక్కకు చాచి, మడిచి తల వెనక పెట్టు." మోచేతులు పూర్తిగా చాచుకోవడమే లేదు. పరికరమేదీ అక్కర్లేని ఈ మూడు పరీక్షలూ, నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ ఉన్న ఊళ్ళలో ఎవరైనా చెయ్యగలిగినవి. అనుమానం తీరాలంటే ముంజేతి ఎక్స్‌రే తియ్యాలి. రెండు ఎముకల మధ్య పలచటి పొర ఉండాల్సిన చోట సున్నం గట్టిపడి ముళ్ళలా కనిపిస్తుంది.

ఈ తాత నడుములో నల్లగొండ జిల్లా చరిత్ర ఉంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది తెలుగు నేల మీదే, 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. నల్లగొండ రోగుల గురించి సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరైడ్ ప్రాంతాల పిల్లల్లో మోకాళ్ళు లోపలికి వంకరపోతున్నాయని లాన్సెట్‌లో ప్రకటించారు. ఆ పిల్లలకు ఇప్పుడు అరవై దాటాయి. వాళ్ళే ఇవాళ ఈ బెంచీల మీద కూర్చుంటున్నారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ బరిలో 480 మంది నిలబడింది ఈ నీళ్ళ గోడు దేశానికి వినిపించాలనే.

లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌ను ఏళ్ళ తరబడి తాగితే అది ఎముకలో చేరి కూర్చుంటుంది. ఎముక చూడటానికి చిక్కగా, తెల్లగా ఉంటుంది కానీ పెళుసు. అంతకన్నా ప్రమాదం, పూసలను కలిపి పట్టే మెత్తటి కట్లు కూడా ఎముకగా మారతాయి. వెన్ను కట్టెబారుతుంది, లోపల వెన్నుపాము నలుగుతుంది, కాళ్ళు బిగుసుకుపోతాయి. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రికి డైరెక్టరుగా పనిచేసిన న్యూరో సర్జన్ డి. రాజారెడ్డి ఈ రోగుల నరాల కష్టాన్నే ఏళ్ళ తరబడి పరిశోధించారు. ఒకసారి గట్టిపడిన కట్టును కరిగించే మందు లేదు. నొప్పికి ఉపశమనం, మంచి తిండి, ఉన్న కదలిక పోకుండా వ్యాయామం, వెన్నుపాము నలుగుతుంటే ఆపరేషన్. అదీ రాయిలాంటి ఎముక మీద చెయ్యాలి కాబట్టి అనుభవమున్న చేతుల్లోనే.

నీళ్ళ పరిస్థితి మాత్రం మారింది. 2015లో తెలంగాణలో 967 ఫ్లోరైడ్ ఆవాసాలుండగా 2020 ఆగస్టు నాటికి ఒక్కటీ మిగల్లేదని కేంద్రం పార్లమెంటులో చెప్పింది. మిషన్ భగీరథ మంచినీటి నల్లాతో మనవడు బతికిపోయాడు. తాత ఎముకల్లో చేరింది అలాగే ఉంది. ఆవాసాల లెక్క సున్నా అయింది కదా అని రోగుల లెక్క మరిచిపోవడం న్యాయం కాదు. రోగం మానిందా లేదా అని నీళ్ళను కాదు, ఆ మనిషిని అడగాలి.

ఇప్పుడు వరండాలోకి రండి. అసలు వైద్యం ఇక్కడుంది. సైకిల్ తాతను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్ళు రెండూ పొట్టకు లాక్కోమన్నారు. ఆ వంపు ఆయనకు హాయి. పక్కనుంచి చూస్తున్న అవ్వ తనూ చేస్తానంది. డాక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు వంగొద్దు అవ్వా! నలిగిన పూస ఇంకా నలుగుతది." అవ్వకు వేరే వ్యాయామం: బోర్లా పడుకొని ఛాతీ కొద్దిగా పైకి లేపడం, కుర్చీలోంచి చెయ్యి ఆన్చకుండా లేవడం, రోజూ నడక. కింద వస్తువు తియ్యాలంటే నడుము కాదు, మోకాళ్ళు వంచాలి. బిందె సగమే నింపాలి. బెంచీ మీద ఇద్దరూ "నడుము నొప్పి" అనే అన్నారు. ఇద్దరికీ ఒకే కాగితం ఇచ్చి పంపి ఉంటే అవ్వకు ఇంకో పూస పోయేదేమో.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో, ఫలానా జబ్బు అని కారణం తేలని దీర్ఘకాలపు నడుము నొప్పికి ఏం చెయ్యాలో మొదటిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. 2020 లెక్క ప్రకారం లోకంలో దాదాపు 62 కోట్ల మందికి నడుము నొప్పి ఉంది. రోగికి అర్థమయ్యేలా చెప్పడం, వ్యాయామం, ఫిజియోథెరపీ వీటికి ఆ సంస్థ పెద్దపీట వేసింది. బెల్టులు, బరువులు కట్టి లాగడం, నల్లమందు జాతి నొప్పి మాత్రలు మామూలుగా వాడొద్దని చెప్పింది. మిర్యాలగూడలో మందుల దుకాణం ముందు వేలాడే బెల్టు కొనడం తేలిక. రోజూ అరగంట తాతను లేపి నడిపించే మనిషి దొరకడమే కష్టం.

ఆపరేషన్ మాటకు భయపడేవాళ్ళున్నారు, దానికోసమే తొందరపడేవాళ్ళూ ఉన్నారు. నరాల ఇరుకుకు కొన్ని నెలలు వ్యాయామం చేసి చూశాక కూడా నడక నానాటికీ తగ్గిపోతుంటే ఆపరేషన్ మేలు చేస్తుంది. వయసొక్కటే దానికి అడ్డం కాదు. అయితే అది కాళ్ళ నొప్పిని తగ్గించినంతగా నడుము నొప్పిని తగ్గించదు. ఈ మాట ముందే చెప్పించుకోండి. ఆరోగ్యశ్రీ పథకంలో ఉచిత వైద్యం పరిమితి 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెరిగింది కాబట్టి పొలం అమ్మే ముందు కార్డు పట్టుకుని అడగండి.

మీ ఇంట్లో నడుము పట్టుకుని లేచే పెద్దవాళ్ళుంటే ఈసారి వాళ్ళతో మీరూ దవాఖానకు వెళ్ళండి. పాత ఎక్స్‌రేలు, వేయించుకున్న సూదుల పేర్లు తీసుకెళ్ళండి. చిన్నప్పుడు ఏ ఊరి బావి నీళ్ళు తాగారో చెప్పండి. సూది వెయ్యమని కాదు, వీపు చూడమని అడగండి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రపోనివ్వని నొప్పి ఉంటే వెన్ను క్షయకూ, గడ్డలకూ పరీక్షలు చేయించండి. క్షయ మందులు ప్రభుత్వ దవాఖానలో ఉచితం. కాళ్ళు ఉన్నట్టుండి పడిపోయినా, మూత్రం ఆగిపోయినా లేక తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట స్పర్శ పోయినా తెల్లారేదాకా ఆగొద్దు. అప్పటికప్పుడు 108కి ఫోన్ చేసి, వెన్నెముక ఆపరేషన్ చేసే ఆసుపత్రికి చేర్చండి.