నివేదిక రాసే మనిషి: జువెనైల్ ప్రొబేషన్ అధికారుల ఎంపిక, శిక్షణ ప్రమాణాలపై ఒక పరిశీలన

బాల న్యాయ వ్యవస్థ మీద తెలుగులో వస్తున్న వ్యాసాలు చాలావరకు ఒకే మాట దగ్గర మొదలై అక్కడే ఆగిపోతున్నాయి: ఖాళీలు భర్తీ చేయాలి. ఈ రంగంలో పెద్దలుగా పేరున్న ఒక పరిశోధకులు ప్రొబేషన్ వ్యవస్థ మీద రాసిన ప్రతిచోటా మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని అన్న లెక్కతోనే తీర్పు చెప్పేస్తారు. నా పేచీ ఆ లెక్కతోనే. కుర్చీలో ఎవరు కూర్చున్నారు, వారికి ఏ పని నేర్పి కూర్చోబెట్టారు అన్నది అందులో ఎక్కడా కనిపించదు.

2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రొబేషన్ అధికారి మీద పెట్టిన బరువు చిన్నది కాదు. పిల్లవాడిని మొదటిసారి హాజరుపరిచిన రోజు నుంచి 15 రోజుల్లో ఆ అధికారి రాసే సామాజిక పరిశోధన నివేదిక బాల న్యాయ బోర్డు ముందుండాలని 8వ సెక్షన్ అంటుంది. మందలించి ఇంటికి పంపడం దగ్గర్నుంచి ప్రత్యేక గృహంలో మూడేళ్ల వరకు ఉంచడం దాకా బోర్డు ఏ ఉత్తర్వు ఇచ్చినా, నివేదికలో బయటపడ్డ పరిస్థితులను లెక్కలోకి తీసుకోవాలని 18వ సెక్షన్ చెబుతుంది. అంటే ఒక పిల్లవాడి రేపటి రోజు ఆ నాలుగు పేజీల మీద నిలబడుతుంది.

ఇంత బరువు మోసే అధికారికి అర్హత ఏమిటని అదే చట్టాన్ని అడిగితే జవాబు రాదు. బోర్డులోని సామాజిక కార్యకర్త అయితే పిల్లల ఆరోగ్యం, విద్య, సంక్షేమ రంగాల్లో ఏడేళ్లు పనిచేసి ఉండాలి, లేదా బాలల మనస్తత్వశాస్త్రం, మానసిక వైద్యం, సమాజశాస్త్రం, న్యాయశాస్త్రాల్లో ఏదో ఒక పట్టా ఉన్న వృత్తి నిపుణుడై ఉండాలి. మేజిస్ట్రేటుతో సహా సభ్యులందరికీ నియామకమైన 60 రోజుల్లో శిక్షణ ఇవ్వాలి. ప్రొబేషన్ అధికారి దగ్గరికి వచ్చేసరికి, 1958 ప్రొబేషన్ చట్టం కింద ప్రభుత్వం నియమించినవారు, లేదా జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లోని లీగల్ కమ్ ప్రొబేషన్ అధికారి అన్న నిర్వచనంతో సరి. 1958 చట్టం చూస్తే, అక్కడా నియమించేదెవరో ఉంది గాని అర్హత ఏమిటో లేదు.

చట్టం వదిలేసిన ఖాళీని పోటీ పరీక్ష నింపింది. తెలంగాణలో 2022లో 783 పోస్టులకు వచ్చిన గ్రూప్-2 నోటిఫికేషన్‌లో నాయబ్ తహసీల్దారు, సబ్ రిజిస్ట్రార్, ఎక్సైజ్ ఎస్ఐలతో పాటు జిల్లా ప్రొబేషన్ అధికారి పోస్టు కూడా ఉంది. అందరికీ అవే నాలుగు పేపర్లు: జనరల్ స్టడీస్, చరిత్ర-రాజ్యవ్యవస్థ-సమాజం, ఆర్థిక వ్యవస్థ, తెలంగాణ ఉద్యమం. మొత్తం 600 మార్కులు, ఇంటర్వ్యూ లేదు. పైరవీలకు తావు లేకుండా ఇంటర్వ్యూ తీసేయడం మంచిదే. కానీ ఏడుస్తున్న తల్లితో ఎలా మాట్లాడాలో, అబద్ధమాడే పిల్లవాడి మాటలో నిజం ఎక్కడుందో ఏ బబుల్ షీటు పరీక్షిస్తుంది?

ఒక జిల్లాలో బోర్డు అనుమతితో, పేర్లు కొట్టేసిన కొన్ని నివేదికలు చదివాను. ఒక అబ్బాయి, సెల్‌ఫోన్ దొంగతనం కేసు. కుటుంబం గురించిన గడిలో మూడు ముక్కలు: తల్లి కూలి, ఇంటి వద్ద ఉండదు, పర్యవేక్షణ లేదు. తర్వాతి రెండు ఫైళ్లలోనూ అవే మూడు ముక్కలు, అదే వరసలో. ఇల్లు చూడాలనిపించింది. బోర్డు ద్వారా కబురు పంపితే ఆ తల్లి రమ్మంది.

రేకుల ఇల్లు. పొయ్యి పక్క గోడ మీద బొగ్గుతో పాల ప్యాకెట్ల లెక్క, కింద కూడిక. రాత పిల్లవాడిది. తల్లి మున్సిపాలిటీలో ఊడ్చే పని చేస్తుంది. "తెల్లారి నాలుగింటికే పోత మేడం. అన్నం వాడే వండుతుండె. చెల్లెకు జడేసి అంగన్‌వాడీల దించి బడికి పోతుండె" అంది. ఇంటికి ఎవరైనా వచ్చి చూశారా అని అడిగాను. "ఎవ్వలు రాలే. నన్నే ఆఫీసుకు రమ్మన్నరు. పేరేంది, పనేంది అని అడిగిన్రు, ఏలిముద్ర పెట్టమన్నరు."

పక్క సందులోనే మేనత్త ఉంటుంది. పొద్దున ఆ మూడు నాలుగు గంటలు పిల్లలను కనిపెట్టుకుని ఉంటానని తనంతట తనే నాతో అంది. ఆమె ఊసు నివేదికలో లేదు. ఒక పూట ఆ సందులో తిరిగిన మనిషి అయితే, ఇల్లు మోస్తున్న పిల్లవాడు, అండగా నిలబడే మేనత్త అని రాసేవారు. బోర్డు ముందు పడింది మాత్రం 'పర్యవేక్షణ లేదు' అన్న ముక్క. విడుదల చేస్తే నైతిక ప్రమాదం ఉంటుందన్న 12వ సెక్షన్ అభ్యంతరానికి ఆ ముక్కే ఊతమైంది.

ఆ నివేదిక రాసిన అధికారి మీద నాకు కోపం లేదు. చేరిన కొత్తలో ఇచ్చిన శిక్షణలో సెక్షన్లు చెప్పారు, ఫారాలు ఎలా నింపాలో చెప్పారు, ఒక్క ఇంటికి వెంట తీసుకెళ్లి చూపించినవారు లేరని దాపరికం లేకుండా చెప్పారు. పైగా 99వ సెక్షన్ ప్రకారం ఈ నివేదికలన్నీ గోప్యం. పిల్లల మేలుకే పెట్టిన ఆ నియమం చాటున నివేదిక నాణ్యతను తూచేవారే లేకుండా పోయారు.

ఖాళీల వాదులు సంపూర్ణ బెహురా కేసును ముందుకు తెస్తారు. 2005లో వేసిన ఆ పిటిషన్‌పై సుప్రీంకోర్టు 2018లో తీర్పిస్తూ ఖాళీలు నింపాలని గట్టిగా చెప్పిన మాట నిజం. అయితే నేను చూసిన జిల్లాలో పోస్టు ఖాళీగా లేదు; వారి పట్టికలో అది నిండిన గడి. సంతకం పెట్టే మనిషి ఉన్నా ఇంటి గడప తొక్కిన మనిషి లేడన్న సంగతి వారి పద్ధతికి అందదు. పనిభారం ఎక్కువైతే ఎంత శిక్షణ పొందినవారైనా ఆఫీసులోనే ఫారం నింపేస్తారన్న మాటలో కొంత నిజం ఉంది.

బొంబాయిలో 1936లోనే సామాజిక సేవకు ప్రత్యేక విద్యాలయం వెలిసింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్.డబ్ల్యు. చదివేవారు ఇళ్లకు వెళ్లి, రాసుకొచ్చి, గురువుతో దిద్దించుకుంటారు. మనకు కావలసిన పని తెలిసినవారు మన ఊళ్లలోనే తయారవుతున్నారు. అయినా లీగల్ కమ్ ప్రొబేషన్ పోస్టుకు న్యాయశాస్త్ర పట్టా అడిగి, అదీ కాంట్రాక్టు మీద తీసుకుంటున్నాం. పిల్లలు మళ్లీ మళ్లీ అవే కేసుల్లో బోర్డు మెట్లెక్కడానికి మూలం ఇక్కడే ఉందని నా నిశ్చితాభిప్రాయం.

రెండు తెలుగు రాష్ట్రాల సర్వీస్ కమిషన్లకూ, శిశు సంక్షేమ శాఖలకూ నా విన్నపం ఇది. ప్రొబేషన్ అధికారి పోస్టును గ్రూప్-2 మూట నుంచి విడదీయండి. పేర్లు తీసేసిన ఒక నిజమైన కేసు ఫైలు చేతికిచ్చి నివేదిక రాయించే పేపరు పెట్టండి. చేరిన తర్వాత మూడు నెలలు అనుభవమున్న అధికారి వెంట ఇళ్లకు తిప్పండి. అప్పటిదాకా ఒంటరిగా సంతకం చేసే అధికారం ఇవ్వకండి.