ఒకే గిన్నె, రెండు పేర్లు

మత సిద్ధాంతాన్ని ఆకాశంలో కాదు, అది దిగిన నేలమీద పరిశీలించాలంటాను. 1836లో భారతదేశం చేరిన బ్రదరన్ మిషనరీలు బౌడెన్, బీర్ నర్సాపురం ప్రాంతం కేంద్రంగా గోదావరి డెల్టాలో చేసిన బోధ ఇది: విశ్వాసులందరూ యాజకులే, ప్రతి ఆదివారం రొట్టె విరిచి ఒకే గిన్నె పంచుకోవాలి. ఇంగ్లండులో అది చర్చి అధికారంపై ధిక్కారం. చెరువు ముట్టనివ్వని కోనసీమలో అది అంతకంటే పెద్దమాట. అయితే గిన్నె పంచుకున్నంతలో భూమి పంపకం కాలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందూమతేతరులను షెడ్యూల్డు కులాల నుంచి మినహాయించింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు వచ్చింది, క్రైస్తవులకు రాలేదు. మతం మారినా కులం వదలదు, హక్కు మాత్రం పోతుంది. అందుకే ప్రార్థనలో ఒక పేరు, రికార్డులో మరొక పేరు. దీన్ని కపటమనే విమర్శకులు విశ్వాసిని కాదు, ఆ చట్టాన్ని ప్రశ్నించాలి. మన కథకులు ఆ రెండు పేర్ల మనిషిని ఇకనైనా నిండుగా చిత్రించాలి.