అరిగిన వరహా: అసలా, నకిలీయా?

పాత ఇళ్లలో దేవుడి పెట్టెలో వరహా ఒకటి బయటపడితే అది రాయలనాటిదేనని అనుకోవడం మనలో పరిపాటి. బొమ్మ అరిగిపోయింది కనుక పాతదే అంటాం. కానీ అరుగుదల ఒక్కటే వయసుకు సాక్ష్యం కాదు. ఎక్కడ, ఎలా అరిగిందో చూడాలి.

శ్రీకృష్ణదేవరాయలు (1509-1529) వేయించిన బాలకృష్ణ వరహా కన్నడ, తమిళ సీమల్లోనూ చెల్లింది. ఒకవైపు కూర్చున్న బాలకృష్ణుడు, రెండోవైపు నాగరి లిపిలో మూడు వరుసల్లో 'శ్రీ ప్రతాప కృష్ణరాయ' అని ఉంటాయి. తూకం సుమారు 3.4 గ్రాములు. బంగారు బిళ్లను అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టి ముద్ర వేసేవారు.

ఇటువంటి నాణెం చేతులు మారేకొద్దీ ముందు ఉబ్బెత్తు భాగాలు అరుగుతాయి. పల్లాల్లో, అక్షరాల మొదళ్లలో కొంత పదును మిగులుతుంది. అసలు నాణెం నుంచి మూస తీసి పోత పోసిన నకిలీలో ఎత్తూ పల్లమూ ఒకేలా మొద్దుబారి ఉంటాయి. భూతద్దంతో చూస్తే సన్నని బుడగల గుంటలు, అంచున అతుకు గీత కనిపించవచ్చు.

అరిగితే తూకం తగ్గుతుంది గాని సాంద్రత మారదు. గాలిలో ఒకసారి, నీటిలో వేలాడదీసి మరోసారి తూస్తే పూత పూసిన రాగి దొరికిపోతుంది. మేలిమి బంగారం నీటికి 19.3 రెట్లు బరువు, రాగి దాదాపు 9 రెట్లే. నకిలీని మంచి బంగారంతోనే చేస్తే మాత్రం ఈ పరీక్ష చాలదు. అప్పుడు అచ్చును, అక్షరాలను మ్యూజియంలోని అసలు నాణేలతో పోల్చాల్సిందే.

అందుకే తేలేవరకు బూడిద పెట్టి తోమవద్దు, గీటురాయిపై గీయించవద్దు. నకిలీని నమ్మితే చరిత్ర తప్పుతుంది. అసలును నకిలీ అనుకుని కరిగిస్తే సాక్షే లేకుండా పోతుంది.