రెండు వాట్లలో బొమ్మలాట

2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టారు. ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలకు, వాళ్ల టీచర్లకు కలిపి 5 లక్షల 18 వేలకు పైగా ట్యాబ్‌లు. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో ఉన్న ఉదయగిరి, ఆత్మకూరు హైస్కూళ్లూ ఆ పథకం కిందకే వచ్చాయి. పిల్లల చేతికి వచ్చింది శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ7 లైట్. 8.7 అంగుళాల తెర, 3 జీబీ ర్యామ్, లోపల బైజూస్ పాఠాలు.

ఆ తెరపై బొమ్మలు కదిలించే బాధ్యత పవర్‌వీఆర్ జీఈ8320 అనే గ్రాఫిక్స్ విభాగానిది. మీడియాటెక్ చిప్పులో ఓ మూలన ఒదిగి ఉండే దీన్ని రూపొందించింది బ్రిటన్‌లోని ఇమాజినేషన్ టెక్నాలజీస్. పల్చటి ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్‌ల చరిత్రలో ఈ పవర్‌వీఆర్ వంశానికి ఓ విచిత్రమైన అధ్యాయం ఉంది. ఒకే డిజైన్ ఒకచోట నవ్వులపాలై, మరోచోట నీరాజనాలందుకుంది.

కథ 1999లో మొదలుపెట్టాలి. అంతకు ముందు ఏడాది ఇంటెల్ ఐ740 పేరుతో విడి గ్రాఫిక్స్ కార్డుల చిప్పు తెచ్చింది. అది బజార్లో నిలవలేదు. ఆ పరిజ్ఞానాన్నే 1999లో 810 చిప్‌సెట్‌లో కలిపేసింది. విడిగా కార్డు కొనక్కర్లేదు, దానికంటూ వేరే మెమరీ అక్కర్లేదు. కంప్యూటర్ చౌకైంది. అయితే ప్రాసెసర్, గ్రాఫిక్స్ ఒకే ర్యామ్‌ను పంచుకోవాలి. సోమశిల కాలువ మీద ఒకే తూము కింద రెండు మళ్లు ఉన్నట్టు, ఒకదానికి నిండుగా పారితే రెండోది ఎదురుచూడాలి. ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌కు ఇప్పటికీ ఉన్న అసలు ఇబ్బంది ఇదే.

2008లో నెట్‌బుక్‌లనే చౌక బుల్లి ల్యాప్‌టాప్‌ల హడావుడి వచ్చింది. వాటిలోని ఇంటెల్ ఆటమ్ ఎన్270 ప్రాసెసర్ గరిష్ఠ వేడి లెక్క 2.5 వాట్లే. కానీ దాని పక్కన గ్రాఫిక్స్‌ను మోసే పాత తరం 945 చిప్‌సెట్‌కు దాదాపు 6 వాట్లు! ప్రాసెసర్ పొదుపు చేసిందంతా చిప్‌సెట్ తినేసేది. ఇంకా చిన్న పరికరాల కోసం ఇంటెల్ సొంత డిజైన్ పక్కనపెట్టి, ఇమాజినేషన్ దగ్గర పవర్‌వీఆర్ ఎస్‌జీఎక్స్535 లైసెన్సు తీసుకుంది. జీఎంఏ 500 అని పేరు పెట్టింది. చిప్‌సెట్ మొత్తం 2.3 వాట్లకు దిగింది.

అంత తక్కువ ఎలా సాధ్యమైంది? పవర్‌వీఆర్ తెరను చిన్న చిన్న గళ్లుగా విడగొడుతుంది. ఒక్కో గడిని చిప్పు లోపలే పూర్తిచేసి, ఆ తర్వాతే ర్యామ్‌కు పంపుతుంది. ముందున్న వస్తువు చాటున దాగి కంటికి కనిపించని వాటికి రంగులు వేస్తూ కూర్చోదు. ర్యామ్ దాకా వెళ్లొచ్చే ప్రతిసారీ కరెంటు ఖర్చే కాబట్టి, ఆ రాకపోకలు తగ్గితే బ్యాటరీ నిలుస్తుంది.

ఇంత ఉండీ జీఎంఏ 500 పరువు తీసుకుంది. 2009లో వచ్చిన సోనీ వయో పి చూడముచ్చటైన బుల్లి కంప్యూటర్. విండోస్ విస్టాతో మాత్రం ఈసురోమంటూ నడిచేది. లినక్స్ వాడేవాళ్లకైతే చిప్పును నడిపే సరైన డ్రైవర్ సాఫ్ట్‌వేరే దొరికేది కాదు. సరిగ్గా మరుసటి ఏడాది, 2010లో, యాపిల్ తొలి ఐప్యాడ్ వచ్చింది. వేలు కదిపితే పేజీ జారే తీరుకు జనం ముచ్చటపడ్డారు. అందులోని ఏ4 చిప్పులో ఉన్నదీ అదే ఎస్‌జీఎక్స్535. తేడా ప్రధానంగా సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ఆ చిప్పును ఎరిగి రాసిన వ్యవస్థ దానికి అక్కడ దొరికింది.

మన గడ్డపైనా అప్పుడే ఓ ప్రయోగం జరిగింది. 2011 అక్టోబరు 5న అప్పటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో ఆవిష్కరించిన విద్యార్థుల చౌక ట్యాబ్ ఆకాశ్‌ను డేటావిండ్ సంస్థ కోసం హైదరాబాద్‌లోని క్వాడ్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసింది. ప్రభుత్వం కొన్న ధర 2,276 రూపాయలు. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, గట్టిగా నొక్కితే గానీ పలకని తెర. విద్యార్థులు పెదవి విరిచారు. 2012 నవంబరులో వచ్చిన ఆకాశ్ 2లో వేగం పెంచి, మాలీ-400 గ్రాఫిక్స్ ఉన్న చిప్పు పెట్టారు. ధరను బట్టి చిప్పు ఎంచుకుంటే బొమ్మ ఎలా ఉంటుందో తొలి ఆకాశ్ చూపించింది.

ఈ రంగంలో నాలుగు పెద్ద సంస్థల గడపలు తొక్కిన తెలుగువాడు రాజా కోడూరి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్ చేశారు. 2001లో గ్రాఫిక్స్ చిప్పుల సంస్థ ఏటీఐలో చేరారు. ప్రాసెసర్‌నూ గ్రాఫిక్స్‌నూ ఒకే చిప్పులో కలపాలన్న ఆలోచనతో ప్రాసెసర్ల సంస్థ ఏఎండీ 2006లో ఏటీఐని కొనేసింది. ఆ ఫలితం 2011 జనవరిలో ఫ్యూజన్ చిప్పులుగా బయటికొచ్చింది. అదే నెలలో ఇంటెల్ కూడా శాండీబ్రిడ్జ్‌తో గ్రాఫిక్స్‌ను ప్రాసెసర్ ముక్కలోకే చేర్చింది. అప్పటికి కోడూరి యాపిల్‌లో ఉన్నారు. 2012 చివర్లో యాపిల్ 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోకు 40 లక్షల పిక్సెళ్ల రెటీనా తెర పెట్టింది. దాన్ని నడిపింది ఇంటెల్ ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్సే. 2013లో ఆయన ఏఎండీకి తిరిగొచ్చారు. 2015లో గ్రాఫిక్స్ విభాగానికి అధిపతి అయ్యారు. 2017లో ఏఎండీ వేగా గ్రాఫిక్స్ 15 వాట్ల రైజెన్ చిప్పుల్లోకి చేరింది. ఆ ఏడాది నవంబరులోనే కోడూరి ఇంటెల్‌కు మారారు. 2020 సెప్టెంబరులో ఇంటెల్ టైగర్‌లేక్ ప్రాసెసర్లతో వచ్చిన ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్ ఆయన హయాంలోనిదే. 2023లో ఇంటెల్‌ను వీడారు.

2020 నవంబరులో యాపిల్ ఎం1 వచ్చాక లెక్కలన్నీ మారాయి. ఫ్యాన్ లేని మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ర్యామ్ నుంచి సెకనుకు 68 జీబీ సమాచారం పారుతుంది. 3200 వేగం గల డీడీఆర్4 ర్యామ్ ఒక్కటే పెట్టిన మామూలు ల్యాప్‌టాప్‌లో 25.6 జీబీలే. రెండు పెడితే 51.2.

కాబట్టి సన్నటి యంత్రాల గ్రాఫిక్స్‌ను పోల్చేటప్పుడు కోర్ల సంఖ్య చూసి తీర్పు చెప్పలేం. తయారీదారు దానికి ఎన్ని వాట్లు ఇచ్చాడు, ర్యామ్ దారి ఎంత వెడల్పు, డ్రైవర్ ఎంత కాలం అందుతుంది అన్నవే తేలుస్తాయి. ఒకే పేరున్న చిప్పు 12 వాట్ల దగ్గర ఒకలా, 28 దగ్గర ఇంకోలా నడుస్తుంది. ఫ్యాన్ లేని ట్యాబ్ ఉదయగిరి మే నెల ఎండలో వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అది చెడిపోయినట్టు కాదు.

పిల్లల చదువుకు పాత ల్యాప్‌టాప్ కొనే తల్లిదండ్రులు ఒక పని చేయొచ్చు. ఐరిస్ ఎక్స్‌ఈ అన్న పేరు పడాలంటే ర్యామ్ రెండు చానళ్లలో, అంటే రెండు దారుల్లో, ఉండాలని ఇంటెల్ నియమం. పెట్టె మీద ఐరిస్ ఎక్స్‌ఈ స్టిక్కరుండి, డివైస్ మేనేజర్‌లో యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని కనిపిస్తే సాధారణంగా ర్యామ్ ఒకే చానల్లో ఉన్నట్టే. ఖాళీ స్లాటుంటే బేరం కుదుర్చుకునే ముందే రెండో ర్యామ్ వేయించమని అడగండి.