రేంజర్: తిరిగేవాడు విలుకాడైన వైనం

మన దగ్గర రేంజరు అంటే అటవీశాఖ అధికారి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్లకు మాత్రం దూరం నుంచి బాణం వేసే వీరుడు. ఇద్దరిదీ ఒకే వేరు.

పాత ఫ్రెంచిలో వరుసను ‘రాంగ్’ అనేవారు. దాని నుంచి వచ్చిన ‘రేంజ్’ ఇంగ్లీషులో వరుసగా నిలపడమే కాక తిరగడం అనే అర్థమూ తెచ్చుకుంది. రాజుగారి అడవుల్లో తిరుగుతూ కాపలా కాసేవాడు రేంజర్ అయ్యాడు. ఆ కొలువు పేరే బ్రిటిష్ పాలనలో మన అడవులకు వచ్చింది. ఆయుధం అందే దూరాన్ని చెప్పే ‘రేంజ్’ ఆ మాటకే మరో కొమ్మ.

ఆటలోకి రేంజర్ 1975లో వచ్చాడు. టోల్కీన్ నవలల్లోని అరగార్న్ పాత్ర పోలికలున్న ఇతను జాడలు పట్టడంలో దిట్ట. అప్పట్లో విల్లు అతని గుర్తు కాదు. 1989 నాటి రెండో ఎడిషన్ రెండు చేతులకూ ఆయుధాలిచ్చింది. 2003లో వచ్చిన 3.5 ఎడిషన్ విలువిద్యో, జంట ఆయుధాలో ఎంచుకోమంది. 2014 నాటి అయిదో ఎడిషన్‌లో రెండో లెవెల్‌కు ఆర్చరీ శైలి తీసుకుంటే, దూరపు ఆయుధంతో చేసే దాడి పాచికకు 2 కలుస్తుంది. లాంగ్‌బో 150 అడుగుల దాకా సాఫీగా, 600 దాకా కష్టంగా అందుతుంది. డెక్స్టెరిటీ (చురుకుదనం) పెంచి, హంటర్స్ మార్క్ మంత్రం జోడిస్తే విలుకాడు సిద్ధం.

అయితే ఆర్చరీ శైలి ఆటలోని మరో తరహా వీరుడైన ఫైటర్‌కు మొదటి లెవెల్‌లోనే దొరుకుతుంది. బాణం ఒక్కటే కావాలంటే ఫైటర్ చాలు. అడవీ జాడా కూడా కావాలంటేనే రేంజర్‌ను ఎంచుకోండి.