నిజాంసాగరము - పూడికతో పోరు

బోధను చక్కెర యని ఒకప్పుడు మనము మక్కువతో చెప్పుకొన్న తీపికి మూలము మంజీర నీరు. ఆ నదికి అడ్డముగా నిజాంసాగరము పని 1923లో ఆరంభమై, నవాబు అలీ నవాజ్ జంగు ఆధ్వర్యమున 1931 నాటికి ముగిసినది. 2,75,000 ఎకరములు తడుపుట సంకల్పము. నీటి నిలువ 2,970 కోట్ల ఘనపుటడుగులు.

అయితే మంజీర వట్టి నీటినే తెచ్చు నది కాదు. బాలాఘాట్ కొండలలో పుట్టి, బీదరు సీమ మీదుగా నేలను ఒరసికొనుచు వచ్చును. పరుగులో తేలివచ్చిన మట్టి నీరు నిలిచినచోట అడుగున పేరుకొనును. అర్ధశతాబ్దము నిండకమునుపే నిలువ 1,180 కోట్లకు దిగినది. నూటికి అరువది పాళ్లు మట్టిపాలే!

త్రవ్వి పోయరాదా యని మనకు తోచును. ఊరి చెరువు ఒండ్రునైన రైతులు బండ్లకెత్తి పొలములకు తోలుకొందురు. ఇంత మట్టిని ఏ బండ్లు మోయగలవు? పోయుటకు చోటేది? అందుచే 1970వ దశకమున ఇంజనీర్లు మట్టిని కదపక, నీటిమట్టమునే నాలుగడుగులకు మించి పైకెత్తిరి. నిలువ 1,780 కోట్లకు చేరినది.

పోయినదంతయు తిరిగి రాలేదు. ఆ కొరత మొదట తగులునది కాలువ మొదటనున్న వానికి కాదు, చివరి మడి రైతుకు. తరువాతి కాలమున అలీసాగరు ఎత్తిపోతలు పెట్టినది ఆ చివరి ఆయకట్టు కొరకే. మంజీర కాలువ కొసన నేడు పారునది గోదావరి నీరు.