కారులో పెట్రోలు వాసన

పాతకారు తలుపు తెరచినంతనే పెట్రోలు వాసన ముక్కునకు సోకుట పలువురకు అనుభవమే. పాతబండికి అది సహజమని ఉపేక్షించువారును కలరు. లక్ష పాళ్ళ గాలిలో ఒక పాలు ఆవిరి యున్నను మనుష్యుని ముక్కు దానిని పసికట్టగలదు. ఆ ఆవిరి నూటికి సుమారు ఒకటిన్నర పాళ్ళకు చేరినచో చిన్న నిప్పురవ్వకే అంటుకొనును. ఈ రెంటి నడుమ వేయి రెట్లకు మించిన అంతరము గలదు. కనుక వాసన యనునది ముందుగా అందెడి హెచ్చరిక. అది ఎచ్చటినుండి పుట్టుచున్నదో తెలిసికొనుటకు కారు చరిత్ర మంచి దారి చూపును.

సీటు క్రింది ట్యాంకు

కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మూడు చక్రముల బండిలో ఇంధనము ఒక పాత్రలో తనంత తానే ఆవిరియై, గాలితో కలసి ఇంజనులోనికి పోవుచుండెను. 1893 ప్రాంతమున విల్‌హెల్మ్ మేబాక్ పెట్రోలును తుంపరగా చిమ్ము కార్బురేటరును రూపొందించెను. నాటి బండ్లకు చుట్టును మూసిన గది లేదు గనుక వాసన గాలికి కొట్టుకొనిపోయెడిది.

1908లో వెలువడిన ఫోర్డు 'టి' మోడలు కారునకు పెట్రోలు పంపు లేదు. ట్యాంకు ముందుసీటు క్రింద నుండెను. పెట్రోలు తన బరువుచేతనే కార్బురేటరునకు పారుచుండెను. ట్యాంకులో పెట్రోలు తగ్గినప్పుడు నిటారైన కొండదారి ఎక్కవలసివచ్చినచో, ఇంజను ట్యాంకుకంటె ఎత్తునకు పోయి పెట్రోలు అందెడిది కాదు. అందుచే డ్రైవర్లు బండిని త్రిప్పి, వెనుకనడకతో కొండ ఎక్కించుచుండిరి. పెట్రోలు పోయుటకు సీటు దిండు ఎత్తవలెను. ఒలికిన ప్రతి చుక్కయు కూర్చుండు చోటనే ఒలికెడిది.

1927 చివర వచ్చిన 'ఎ' మోడలులో ట్యాంకు ముందు అద్దము క్రిందికి, ప్రయాణికుల మోకాళ్ళ యెదుటికి వచ్చెను. పెట్రోలు మట్టము చూపు సాధనము ట్యాంకులోనే అమర్చబడి, దాని ముఖము డ్రైవరునకు ఎదురుగా కనబడుచుండెను. దాని బిగింపు సడలినచో పెట్రోలు కారులోనికే ఊరును. ఆ దశకములోనే అమెరికాలో తెరచిన కార్లు తగ్గి, మూసిన కార్లు పెరిగెను. అంతవరకు గాలిలో కలసిపోయిన వాసన ఇప్పుడు గదిలో నిలిచెను.

1932లో ఫోర్డు కంపెనీ ట్యాంకును వెనుకకు మార్చి, ఇంజనుచే నడుపబడు పంపును అమర్చెను. అన్ని కంపెనీలు అట్లు చేయలేదు. ఫోక్స్‌వాగన్ బీటిల్ కారునకు ఇంజను వెనుక, ట్యాంకు ముందు. 1967 వరకు దాని పెట్రోలు మూత ముందు డిక్కీ లోపలనే యుండెను.

నగరము నేర్పిన పాఠము

ట్యాంకు ఎచ్చటనున్నను ఎండకు లోపలి పెట్రోలు ఆవిరియగును. దానిని వెలుపలికి విడుచుటకు మూతలోనో గొట్టములోనో ఒక రంధ్ర ముంచెడివారు. ఈ అలవాటును మాన్పించినది లాస్ ఏంజెలిస్ నగరపు గాలి. 1943 జులైలో ఆ నగరమును కన్నులు మండించు పొగమంచు కప్పివేసెను. అనాసపండు వాసనపై పరిశోధించుచుండిన రసాయనవేత్త ఏరీ హాగెన్‌స్మిట్ ఈ గాలిని పరీక్షించెను. పెట్రోలులోని ఉదకర్బనములును, నత్రజని ఆక్సైడులును సూర్యరశ్మిలో కలసి ఓజోనును పుట్టించుచున్నవని 1950 దశకపు ఆరంభమున ఆయన నిరూపించెను. నిలిచియున్న కారునుండి వెలువడు ఆవిరియు అందులో భాగస్వామియే.

ఫలితముగా 1970 మోడలు కార్లకు కాలిఫోర్నియాలోను, 1971 మోడలు కార్లకు అమెరికా అంతటను ఆవిరిని బంధించు ఏర్పాటు తప్పనిసరియయ్యెను. ఉత్తేజిత బొగ్గు నింపిన డబ్బాలోనికి ట్యాంకు ఆవిరి పోవును. బొగ్గులోని అసంఖ్యాకములగు సూక్ష్మరంధ్రములు దానిని పట్టి యుంచును. ఇంజను నడచునపుడు గాలి ఆ ఆవిరిని లాగుకొనిపోయి దహింపజేయును. 1996 నుండి అమెరికా కార్లలో ఈ ఏర్పాటునందలి కారుటను కంప్యూటరే పరీక్షించుచున్నది.

వాసన జాడ

పాతకారులో ఈ పరీక్ష చేయవలసినది మనుష్యుడే. వాసన వచ్చు వేళయే మొదటి ఆధారము. పెట్రోలు పోయించిన పిమ్మట మాత్రమే వచ్చినచో మూతనుండి ట్యాంకునకు పోవు గొట్టమును, ట్యాంకు పైభాగపు బిగింపులను చూడవలెను. వేడి ఇంజనును ఆపిన కొన్ని నిమిషములకు వచ్చినచో కార్బురేటరు గిన్నెలోని పెట్రోలు మరుగుచుండవచ్చును. ఇంజనునూనె చూచు పుల్లకు పెట్రోలు వాసన అంటినచో, పంపులోని పొర చినిగి పెట్రోలు నూనెలోనికి దిగుచుండవచ్చును. ఎల్లవేళల వచ్చినచో రబ్బరు గొట్టములను అనుమానింపవలెను. భారతదేశమున 2025 నాటికి పెట్రోలులో ఇథనాలు 20 శాతమునకు చేరినది. 2014లో ఉత్పత్తి ఆగిన అంబాసిడరు వంటి పాతకార్ల రబ్బరు దీనికొరకు చేయబడినది కాదు; అది ఉబ్బి, మెత్తబడి, పగులవచ్చును.

రెండు జాగ్రత్తలు మరువరాదు. ముక్కు కొద్ది నిమిషములలోనే వాసనకు అలవాటుపడి మొద్దుబారును. వెలుపలికి పోయి, తాజా గాలి పీల్చి, మరల వచ్చి చూడవలెను. పెట్రోలు ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువు గనుక నేలబారున ప్రాకును. దూరముననున్న పొయ్యినిగూడ చేరగలదు. అగ్గిపుల్ల వెలుగున వెదకుట ప్రాణాపాయము. అదిగాక పెట్రోలులోని బెంజీను క్యాన్సరు కారకము. దినదినము పీల్చుచు దానికి అలవాటుపడుట క్షేమము గాదు.

ప్రయాణికుని ఒడి క్రిందనుండి ట్యాంకు వెనుకకు చేరుటకు పాతికేండ్లు పట్టెను. దాని ఆవిరిని బంధించుటకు మరి నలువదేండ్లు పట్టెను. ఈ మార్పులకు పూర్వపు కారును నడుపువారు ఆ కాలపు జాగరూకతను గూడ నిలుపుకొనవలసి యున్నది.